మైకమ్మ గొంతు

మైకమ్మ ఉద్యోగానికి సెలవు పెట్టింది తనంతట తానే. ఈ మాట ఆమె భర్త ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. నిజమే, ఎవరూ బలవంతం చెయ్యలేదు. అత్తగారు పోయాక ఒకనాడు అందరూ ముందుగదిలో కూర్చుని, "నాన్నని పగలు ఎవరు చూసుకుంటారు?" అనుకుని, తలా ఒక నిట్టూర్పు విడిచి, ఆమె వైపు చూశారంతే. భర్త చూశాడు. ఆడపడుచు చూసింది. ఆడపడుచు మొగుడు ఫోన్లోంచి తలెత్తి మరీ చూశాడు. మామగారొక్కరే చూడలేదు, ఎందుకంటే అక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో ఆయనకు వినపడలేదు.

మర్నాడు ఆమె జీతం లేని సెలవు పెట్టింది. స్వచ్ఛందంగా.

అప్పటికి పన్నెండేళ్ళుగా ఆమె పెద్ద బస్టాండులో అనౌన్సరు. ప్లాట్‌ఫారాలన్నీ కనపడేలా మేడమీద ఒక అద్దాలగది, అందులో ఒక కుర్చీ, ఒక మైకు. మైకమ్మ అనే పేరు డ్రైవర్లు పెట్టింది. గొంతు వెన్న పూసినట్టుండేది. ఆ గొంతంటే అందరికీ ఇష్టమే, కాని విన్నవాడు మాత్రం లేడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని ఆమె మొదలుపెట్టగానే బెంచీల మీదివాళ్ళకు కళ్ళు మూతలు పడేవి. బస్సు వెళ్ళిపోయాక లేచి, "అయ్యో, చెప్పలేదేం?" అని టికెట్ల కౌంటరు దగ్గర తగువు పెట్టుకునేవారు. అయినా మేనేజరుకు ఆ గొంతు ప్రాణం. "మర్యాద అంటే ఇదీ" అనేవాడు. బస్సు తప్పిపోయినా మర్యాద తప్పకూడదని ఆయన సిద్ధాంతం.

ఇక మామగారి సంగతి. ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆయన పిండిమర నడిపారు. మర అమ్మేశారు గాని, దాని హోరు చెవుల్లో అలాగే ఉండిపోయింది. కొడుకు చెవికి మిషను కొనిపెట్టాడు. మామగారు దాన్ని ఒక్క పూట పెట్టుకుని, కొడుకు పక్కగదిలో తన గురించి ఫోన్లో ఏమంటున్నాడో విని, తీసి పెట్టెలో పెట్టి మూత వేశారు. "వస్తువు మంచిదేనమ్మా, అన్నీ వినపడుతున్నాయి" అని కోడలితో అన్నారు. మళ్ళీ దాని జోలికి పోలేదు.

సెలవు పెట్టిన కొత్తల్లో మైకమ్మ అలవాటు కొద్దీ మెత్తగా పిలిచింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కొంత నయం, ఈమె గొంతు శంఖం కూడా కాదాయె. మెల్లమెల్లగా గొంతు పెంచింది. పెంచగా పెంచగా అది గొంతులోంచి కాక పొట్టలోంచి రావడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఆమె వంటింట్లోంచి "మామయ్యగారూ, మందు బిళ్ళ వేసుకున్నారా?" అని అడిగితే, పైవాటాలో ఉన్న రక్తపోటు ఆయన భయపడి తన బిళ్ళ కూడా వేసేసుకునేవాడు. కింది వాటా ఆవిడైతే "వేసుకున్నానమ్మా!" అని జవాబే ఇచ్చేది.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. ఆ ఇంట్లో ఆయనతో మాట్లాడే మనిషి ఈమె ఒక్కతే. కొడుక్కి అరిచే ఓపిక లేదు, సైగలు చేసేవాడు. అన్నానికి నోటి దగ్గర చెయ్యి, నిద్రకి చెంప కింద చెయ్యి. కూతురు వచ్చినప్పుడల్లా తండ్రి చెయ్యి నిమిరి, కళ్ళు తుడుచుకుని, పనిలో పనిగా అమ్మగారి చీర ఒకటి పట్టుకుపోయేది. మైకమ్మ అలా కాదు. పేపర్లో వార్తలు అరిచి చదివేది, ఆయన అవునంటే కాదని అరిచి వాదించేది, ఓడిపోతే అరిచి ఒప్పుకునేది. ఇద్దరికీ అది బాగా పట్టుబడింది. మామా కోడళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే వీధిలో వెళ్ళేవాళ్ళు కొట్టుకుంటున్నారేమోనని ఆగి చూసేవారు.

రెండేళ్ళ సెలవూ అయిపోవచ్చింది. చేరకపోతే ఉద్యోగం పోతుంది. భయం ఒక్కటే కాదు, ఆమెకు మైకు మీద బెంగగా కూడా ఉంది. కుక్కరు కూత పెట్టినప్పుడల్లా లోలోపల "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అనుకునేది. తిరిగి చేరతానని చెబితే భర్త "నీ ఇష్టం" అన్నాడు. ఈ "నీ ఇష్టం" అన్న మాటకు అర్థం పెళ్ళయిన ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆమె దాన్ని ఉన్నదున్నట్టుగా పుచ్చుకుని, "సరే అయితే" అంది. రెండేళ్ళుగా కుదరని పని, ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసుకోవడం, భర్తకు వారంరోజుల్లో కుదిరిపోయింది.

సోమవారం పొద్దున్న ఆమె అద్దాలగదిలో అడుగుపెట్టింది. కుర్చీ అదే, మైకు అదే. కొండ కింది ఊరికి వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. ఆమె మీట నొక్కి, మైకు మీదికి వంగి నోరు తెరిచింది.

"కొండ కింది ఊరి బస్సు వచ్చింది! నాలుగో ప్లాట్‌ఫారం! లేవండి, ఎక్కండి!"

బస్టాండు మొత్తం లేచి నిలబడింది. ఆ బస్సు ఎక్కవలసినవాళ్ళు ఎక్కారు. అక్కర్లేనివాళ్ళు కూడా కొందరెక్కి, కండక్టరు అడిగాక దిగారు. డ్రైవరు పరుగెత్తుకొచ్చి కూర్చున్నాడు, చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. బస్సు వేళకు కదిలింది. అలా కదలడం ఎన్నేళ్ళ తర్వాతో ఎవరికీ గుర్తులేదు.

మేనేజరు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "ఏంటమ్మా అది? బస్సొచ్చిందని చెప్పమంటే కొంపలంటుకున్నాయన్నట్టు చెప్పావు!"

"బస్సు వేళకి వెళ్ళింది కదండీ."

"వెళ్తే? జనం, మమ్మల్నెవరు తిట్టారని అడుగుతున్నారు. చూడమ్మా, శుక్రవారం పెద్దసారు వస్తున్నారు. మనిషెందుకు, మిషను పెట్టేస్తే పోలా అని ఆయన ఆలోచన. నీ గొంతు వింటే చాలు, మనసు మార్చుకుంటారని నేనే మాటిచ్చాను. ఏ గొంతనుకున్నావ్? పాతది. ఆ పాత గొంతు పట్రా."

"ఎక్కడ పెట్టానో గుర్తులేదండీ" అంది ఆమె నవ్వుతూ.

"వెతుక్కో తల్లీ. లేకపోతే శనివారం నుంచి నీకు మళ్ళీ ఇల్లే."

మైకమ్మకు నవ్వు ఆగిపోయింది. మళ్ళీ ఇల్లు, మళ్ళీ ఆ ముందుగది, అందరి చూపులూ. ఈసారి సెలవు పెట్టడం కాదు, ఉద్యోగానికే సెలవు. ఆ సాయంత్రం నుంచి గొంతుకు మడి కట్టింది. వేణ్ణీళ్ళు తాగింది, తేనె నాకింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంట్లో అరవడం మానేసింది. మైకు ముందు మెత్తగా, ఇంట్లో గట్టిగా అంటే గొంతు మాట వినడంలేదు మరి. "సైగలు చెయ్యి, నేనూ అదే చేస్తాను" అని భర్త గురువులా సలహా ఇచ్చాడు.

మంగళవారం పొద్దున్న మామగారు పేపరు పట్టుకొచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆమె నవ్వి, గొంతు చూపించి, చెయ్యి ఊపింది. ఆయనకు అర్థం కాలేదు. "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అన్నారు. కాదని తల ఊపింది. "మరి?" అన్నారు. ఆమె నోటి దగ్గర చెయ్యి పెట్టి భోజనానికి రమ్మంది.

ఆయన ఆ చేతిని చూశారు. అది కొడుకు చేసే సైగ. ఇంకేమీ అడగకుండా వెళ్ళి భోంచేశారు.

బుధవారం పేపరు తేలేదు. గురువారం తన గదిలోంచి బయటికే రాలేదు. మైకమ్మ గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. ఒక్క శుక్రవారం గడవనీ, తర్వాత గొంతు చించుకుని మరీ చెప్పుకోవచ్చు అనుకుని వెనక్కి వచ్చేసింది. ఈ ఒక్కరోజు కదా అనుకునే బుద్ధి ఉందే, అది అందర్నీ ముంచేదే.

శుక్రవారం గొంతు దొరికింది. పాతదే, వెన్నలాంటిదే. పెద్దసారు మేనేజరు గదిలో కూర్చుని టీ తాగుతూ వింటున్నారు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ ఆమె మూడు బస్సులు పంపించింది. బెంచీల మీద తలలు వాలాయి. మేనేజరు కిందనుంచి బొటనవేలెత్తి చూపించాడు.

ఆమె కూడా నవ్వబోయి, నాలుగో ప్లాట్‌ఫారం చూసి ఆగిపోయింది. బెంచీ మీద మామగారు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో చేతిసంచి, నీళ్ళసీసా.

జరిగిందేమిటంటే, ఆయన పొద్దున్న బట్టలు సర్దుకుని, కొడుకు వెనక నిలబడి, "అమ్మాయి దగ్గరికి వెళ్తున్నానురా. కోడలికి నాతో మాట్లాడబుద్ధి కావడంలేదు. ఉద్యోగం చేసుకునే పిల్ల, నేనెందుకు అడ్డం?" అన్నారు. కొడుకు ఆఫీసువాళ్ళతో మాట్లాడుతూ, వెనక్కి తిరక్కుండానే, సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

ఇదంతా అప్పటికి మైకమ్మకు తెలియదు. కాని ఆ సంచి చూడగానే కొంత తెలిసింది. ఆడపడుచుది కొండ కింది ఊరు. ఆ బస్సు గురించి ఆమె ఇప్పుడే మెత్తగా చెప్పింది, అది ఆయన ముందునుంచే వెళ్ళిపోయింది. ఆయనకు వినపడలేదు. హమ్మయ్య అనుకునేలోపు అదే చోటికి సముద్రం వైపు వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. మర్నాటికి గాని చేరని బస్సు అది. మామగారు లేచి, బోర్డు వైపు చూడనైనా చూడకుండా నడిచారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి, ఈ బస్సు సముద్రతీరం వైపు..." అంది మైకమ్మ వెన్నగొంతుతో. ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టారు. కండక్టరు ఈల నోట్లో పెట్టుకున్నాడు. మెట్లు దిగి పరుగెత్తే వ్యవధి లేదు. కింద పెద్దసారు ఉన్నారు, శనివారం ఉంది, ముందుగది ఉంది. అవన్నీ ఆమెకు గుర్తున్నాయి.

మీట గట్టిగా నొక్కింది.

"మామయ్యగారూ! దిగండి! అది మీ బస్సు కాదు! అసలు మీకు ఏ బస్సూ లేదు! ఎవర్నడిగి బయల్దేరారు?"

ఆ బస్సులో ఉన్న మామగార్లందరూ దిగారు. పక్క ప్లాట్‌ఫారం బస్సులోంచి కూడా ఇద్దరు దిగారు. కండక్టరు నోట్లోంచి ఈల జారిపడింది.

మామగారు మెట్టు మీది కాలు తీసి కింద పెట్టారు. అటూ ఇటూ చూశారు. ఏళ్ళతరబడి ఈ బస్టాండుకు వస్తున్నారు, కోడలు ఏ గదిలో కూర్చుంటుందో తెలుసుగాని, ఆమె మాట ఒక్కటీ ఆయన చెవిన పడలేదు ఇన్నాళ్ళూ. స్తంభం మీది లౌడ్‌స్పీకరు చూశారు. తర్వాత మేడ మీద అద్దాల వెనక కోడల్ని చూశారు. చెవిటివాళ్ళు మాట్లాడినట్టే ఊరంతటికీ వినపడేలా అడిగారు: "నాతోనేనా?"

"మీతోనే!" అంది మైకు.

"కోపం పోయిందా?"

"కోపమెవరికండీ? ఈ ఉద్యోగం కోసం గొంతు దాచుకున్నాను. మీ దగ్గర దాచాను చూడండి, బుద్ధి లేక!" ఆ మాట చివర్న గొంతు వణికింది. బస్టాండంతా ఆ వణుకు వింది. బెంచీ మీద ఒకావిడ ముక్కు తుడుచుకుంది.

సంజాయిషీ చెప్పుకుందామని మేనేజరు తన గది వైపు పరుగెత్తాడు. పెద్దసారు కుర్చీలో లేరు. గుమ్మం బయట సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు.

"సార్, ఎక్కడికి సార్?"

"నన్నే దిగమన్నారనుకున్నానయ్యా" అన్నారు పెద్దసారు. ఆయనకూ ఒక కోడలుంది. కాసేపు లౌడ్‌స్పీకరు వైపు చూసి, "మిషను ఇలా చెప్పగలదంటావా?" అని అడిగారు. ఏ సమాధానం చెబితే ఎక్కడ తంటా వస్తుందో తెలియక, మేనేజరు ఇంకో టీ తెప్పించాడు.

తండ్రి ఏడీ అని వెతకడం అప్పుడు గుర్తొచ్చి ఫోన్ చేసిన భర్తకు మైకమ్మ చెప్పవలసిన నాలుగు మాటలూ చెప్పింది. మైకు ఆపిందో లేదో చూసుకోలేదంటారు డ్రైవర్లు. చూసుకునే ఆపలేదని కండక్టర్లంటారు.

మామగారు మాత్రం ఇంటికి వెళ్ళనన్నారు. డ్యూటీ అయ్యాక కలిసే వెళ్దామని, స్పీకరు కింద బెంచీ చూసుకుని సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కొండ కింది ఊరికి ఇంకో బస్సు వచ్చింది. మైకమ్మ పొట్టలోంచి పిలిచింది.

పక్కన ఒక కుర్రవాడు చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మామగారు అతని భుజం మీద తట్టారు.

"కొండ కింది ఊరి బస్సొచ్చిందట బాబూ, నాలుగో ప్లాట్‌ఫారం. మా కోడలు అంతలా చెబుతుంటే, నీకు వినపడటంలేదా?"