చెయ్యెత్తితే ఆగని బండి

మిచీల్ వేళ్ళు స్టీరింగు చుట్టూ వంగినవి వంగినట్టే బిగుసుకుపోయాయి.

"లాగకండి బాబాయ్, తోలు ఊడొస్తుంది," అన్నాను.

గవ్రీల్ బాబాయి వినలేదు. క్యాబిన్లోకి సగం దూరి, తన చేతి తొడుగులు పళ్ళతో పీకి పారేసి, మిచీల్ వేళ్ళ మీద ఊపిరి ఊదుతూ ఒక్కొక్కటే విడదీశాడు. ఆఖరి వేలు వదిలేసరికి మిచీల్ పక్కకి ఒరిగిపోయాడు.

మైనస్ నలభై ఎనిమిది. ఫిబ్రవరి, మధ్యాహ్నం మూడున్నర. గడ్డకట్టిన నది మీద, ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, ఊరివైపు ఎక్కే వాలు మొదట్లో మిచీల్ రొట్టెబండి చచ్చిపడి ఉంది. రొట్టెలా ఉంటుంది కాబట్టి రొట్టెబండి. నాలుగు చక్రాలూ లాగే ఈ బండి లేనిదే మా తారిన్ ఊళ్ళో చలికాలం గడవదు. సీట్ల మధ్య ఇంజను మూత తీసి ఉంది. కింద ఇంజను వేడిచేసే బ్లో ల్యాంపు, అందులో చుక్క పెట్రోలు లేదు. పెట్రోల్లో నీళ్ళు కలిశాయి, గొట్టంలో గడ్డకట్టాయి. దాన్ని కరిగించడానికి మిచీల్ తొడుగులు తీశాడు. అక్కడే వేళ్ళు పోయాయి. బండి పక్కన మంచు మీద ఇనప తీగల చుట్ట ఒకటి మిగిలింది. స్టెప్నీ టైరు కాల్చుకున్నాడు. అది అయిపోయాక సీటు కాల్చాడు.

"ఎప్పుడు ఆగిందిరా?" అన్నాను.

"పదకొండున్నర." మిచీల్ పెదవులు సరిగా కదలడం లేదు. నా వైపు చూశాడు. "ప్రోకోపీ, ఒక బండి వచ్చింది. ఆగలేదు."

"చలికి అలాగే అనిపిస్తుంది," అన్నాడు గవ్రీల్ బాబాయి. "మాట్లాడకు."

"పన్నెండు దాటాక. పొగమంచులో లైట్లే కనపడ్డాయి. రెండు చేతులూ ఎత్తాను. రాసుకుంటూ పోయింది."

అతన్ని నా బండిలో వెనక పడుకోబెట్టాం. గవ్రీల్ బాబాయి తన కోటు గుండీలు విప్పి, చొక్కా ఎత్తి, ఆ రెండు చేతులూ తన పొట్టకి ఆనించుకున్నాడు. ఊరు చేరేదాకా అలాగే కూర్చున్నాడు. ఆయనకి అరవై రెండేళ్ళు. మా డ్రైవర్లందరికీ రోడ్డు పెద్ద, దారి మీద తప్పొప్పులు తేల్చేది ఆయనే.

నదిలోకి దిగేముందు వాలు మీద నేను చూసినదాని గురించి ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

*

అంతకు గంట ముందు, రెండున్నరకి, నది మీద వెళ్ళిన మొగుడు ఇంకా రాలేదని మిచీల్ భార్య అగ్రఫీనా నా రిపేరు షెడ్డుకి పరిగెత్తుకొచ్చింది. గవ్రీల్ బాబాయి అక్కడే ఉన్నాడు. "నా బండిలో పెట్రోలు లేదు, నీదాంట్లో పోదాం పద," అని నాకంటే ముందు ఎక్కాడు. వాలు పైకొచ్చాక నేను బండి ఆపాను. దించే ముందు వాలంతా నడిచి చూడాలి. అది మా పద్ధతి.

"నడవడానికి ఇదా టైము?" అని అరిచాడాయన. "కింద మనిషి చస్తున్నాడు. దించు!"

అయిదేళ్ళ కిందట, అదే వాలు, నడవకుండా దించానని నా చెంప పగలగొట్టింది ఆయనే. అలవాటు చెప్పిన మాట వినదు. దిగి నడిచాను. రెండు నిమిషాలు.

ఆ పొద్దున పదింటిదాకా మంచు కురిసింది. వాలు మీద ఒకే ఒక్క బండి జాడ ఉంది. కింది నుంచి పైకి. టైరు గీతలు గాలికి చెరిగిపోయాయి, లోతు మాత్రం మిగిలింది. వాలు మధ్యలో వంపు ఉంది కదా, అక్కడ ముందు చక్రాలు ఒక దారి, వెనక చక్రాలు ఒక దారి పడతాయి. ముందు చక్రాల జాడ అప్పడాల కర్రతో ఒత్తినట్టు నున్నగా ఉంది. వెనకది నేలదాకా గోకేసి ఉంది. తోక రెండుసార్లు పక్కకి ఊగింది.

పైన, చదును మీద, ఇంకోటి చూశాను. ఆ బండి అక్కడ ఆగింది. పొగగొట్టం కింద మంచు నల్లబడి, కొంచెం కరిగి మళ్ళీ గట్టిపడింది. అంత నలుపు రావాలంటే అయిదు నిమిషాలైనా నిలబడాలి. డ్రైవరు తలుపు దగ్గర మంచు మీద ఒక్క అడుగు గుర్తు లేదు.

ఆగాడు. దిగలేదు.

తరవాత నా బండి ఆ జాడలన్నిటినీ తొక్కుకుంటూ దిగింది.

*

మిచీల్‌ని సాయంత్రం హెలికాప్టరులో జిల్లా ఆస్పత్రికి తీసుకుపోయారు. కుడిచేతి నాలుగు వేళ్ళూ తీసెయ్యాలన్నారు. ఎడమ చేతి మాట తరవాత చెబుతామన్నారు.

ఊళ్ళో రొట్టెబండ్లు పదకొండు. మిగతా బండ్లు చలికాలం షెడ్డు దాటవు, ఆ రోజు బయటి బండి ఏదీ ఊళ్ళోకి రాలేదు. ఆ మధ్యాహ్నం ఎవరి బండి ఎక్కడుందో అర్ధగంటలో తేలిపోయింది. ఎనిమిది ఊళ్ళోనే ఉన్నాయి, చూసినవాళ్ళున్నారు. ఒకటి మిచీల్‌ది. గవ్రీల్ బాబాయి ఎగువ అడవికి కట్టెలకి పోయి ఆ వైపు నుంచే వచ్చానన్నాడు. ఆయన చెబితే ఇక అడిగేదేముంది? మిగిలింది అయాల్. అయాల్ ఒంటిగంటకి ఊళ్ళోకి వచ్చాడు. పాత అడవిదారిలో వచ్చానన్నాడు. చూసినవాళ్ళు లేరు.

అయాల్‌కి ఇరవై ఏడు. బండిలో పాటలు ఊరంతా వినపడేలా పెడతాడు. పెద్దవాళ్ళకి నచ్చడు. మర్నాడు మధ్యాహ్నం చేపల లోడుతో ఉత్తరానికి బయలుదేరాలి. మూడు వందల కిలోమీటర్లు, రెండు రోజులు, అంతా మంచు మీదే.

మా దారిలో చెయ్యెత్తినవాడి దగ్గర ఆగాలి. శత్రువైనా సరే, వాడు నిన్ను మోసం చేసినవాడైనా సరే. ఆగనివాడి పేరు, ఊరి ఇళ్ళకి వేడినీళ్ళు పంపే బాయిలరు గదిలో, తండ్రి పేరుతో సహా, అందరి ముందూ పలుకుతారు. ఆ రోజు నుంచి అతని కోసం ఎవరూ ఆగరు. తప్పుడు పేరు పలికితే పలికినవాడికీ అదే శిక్ష. నేను డ్రైవింగు మొదలుపెట్టిన ఇరవై రెండేళ్ళలో ఒక్క పేరే పలికారు. ఆ మనిషి ఆ వసంతంలోనే సామాను సర్దుకుపోయాడు.

అయాల్ పేరు పడితే, మర్నాడు బయలుదేరడమంటే చావుకి ఎదురెళ్ళడమే.

రాత్రి భోజనం ముందు షెడ్డు తలుపు తెరిచాను. బెంచీ మీద ముందు ఇరుసు తిప్పే షాఫ్టు ఒకటి గోనెసంచిలో చుట్టి ఉంది. సోమవారం నుంచి అక్కడే ఉంది. దాని క్రాస్ బేరింగు అరిగిపోయింది, కొత్తది జిల్లా నుంచి రావాలి. షాఫ్టు లేకపోతే బండి నడుస్తుంది, కాని వెనక చక్రాలే లాగుతాయి. తెచ్చినవాడు ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పనన్నాను. బండి ఊళ్ళోనే తిప్పమన్నాను, తిప్పుతానన్నాడు.

అన్నం తినకుండా పడుకున్నాను. మా ఆవిడ ఏమైందని రెండుసార్లు అడిగింది.

*

మర్నాడు పొద్దున పదింటికి బాయిలరు గదిలో ముప్ఫైమంది దాకా చేరారు. బయట బండ్లన్నీ ఇంజన్లు ఆపకుండా, మూతుల మీద దుప్పట్లు కప్పుకుని గుర్రుగుర్రుమంటున్నాయి. లోపల పాలు పోసిన టీ కాగుతోంది. ఎవరూ పోసుకోలేదు.

గవ్రీల్ బాబాయి బల్ల వెనక నిలబడ్డాడు. రాత్రి నిద్ర లేనట్టుంది.

"స్తెపాన్ కొడుకు అయాల్," అన్నాడు. "చెప్పుకునేదేమైనా ఉంటే చెప్పు."

"నిన్ననే చెప్పాను కదండీ. ఉచ్చులు చూసుకోవడానికి అడవిదారిలో వచ్చాను. నదిలోకి దిగనే లేదు."

"ఉచ్చుల్లో ఏం పడింది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఏం పడలేదు."

"పడితే సాక్షికి కుందేలైనా ఉండేది." ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అగ్రఫీనా లేచింది. "నవ్వండి, నవ్వండి. రోడ్డు పెద్దలట! మీ మీసాల మీద మంచు కరిగేలోపు అక్కడ నా మొగుడి వేళ్ళు కోసేస్తున్నారు. ఒరేయ్ అయాల్, నీ పెళ్ళికి వధువు సామానంతా మోసింది ఆ బండే కదరా. గుర్తుపట్టలేదూ?"

"అక్కా, ఒట్టు. నేను కాదు."

"ఒట్లు చలికి పనికిరావు."

గవ్రీల్ బాబాయి చెయ్యి పైకెత్తాడు. పలకబోతున్నాడని అందరికీ అర్థమైంది. అయాల్ గోడకి ఆనుకున్నాడు.

నేను టోపీ తీశాను. మాట్లాడాలనుకునేవాడు తియ్యాలి.

"ముందు అయాల్ బండిని ఒకసారి వెనక మంచు గుట్ట ఎక్కించాలి," అన్నాను.

"ఎందుకూ?"

"చూశాక చెబుతాను బాబాయ్. అయిదు నిమిషాల పని."

"మెకానిక్కులతో ఇదే తంటా," అన్నాడు మంట చూసే ముసలి సెర్గుయ్. "మనిషి సంగతి అడిగితే బండి సంగతి చెబుతారు." అంటూనే అందరికంటే ముందు బయటకి నడిచాడు.

బాయిలరు గది వెనక, రోడ్డు నుంచి గీకిన మంచుని గుట్టగా పోస్తారు. ఒకవైపు నది వాలు అంత ఏటవాలు ఉంటుంది. అయాల్ బండి మీది దుప్పటి లాగేసి ఎక్కాడు. గేరు ఒకసారి కిర్రుమంది.

"పరుగు తియ్యకు," అన్నాను. "నుంచున్న చోటు నుంచి మెల్లిగా ఎక్కు. సగంలో ఆపు. మళ్ళీ కదిలించు."

ఎక్కాడు. సగంలో ఆపాడు. మళ్ళీ కదిలాడు. బండి గొణుక్కుంటూ గుట్ట మీదికి చేరింది. దాని ముందు ఇరుసు పది రోజుల కిందట నేనే విప్పి బిగించాను.

"జాడ చూడండి," అన్నాను. "వంపులో ముందు చక్రాలు కూడా మంచుని కొరికాయి. నిన్న నది వాలు మీద నేను చూసిన జాడ ఇలా లేదు. ముందు చక్రాలు ఊరికే దొర్లాయి. వెనకవే నేల గోకాయి. నిన్న వాలు ఎక్కిన బండికి ముందు షాఫ్టు లేదు."

వాళ్ళందరూ డ్రైవర్లే. ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

సెర్గుయ్ వంగి గుట్ట మీది జాడని వేలితో తడిమాడు. "అందుకే ఆగలేదు," అన్నాడు నెమ్మదిగా. "రెండు చక్రాలతో ఆ వాలు ఎక్కాలంటే మంచు మీద దూరం నుంచి పరుగు తియ్యాలి. కింద ఆగితే మళ్ళీ ఎక్కలేడు."

"అవును. ఆగితే ఇద్దరూ ఇరుక్కునేవాళ్ళు," అన్నాను. "షాఫ్టు లేకుండా నది మీదకి పోయాడని ఊరంతటికీ తెలిసేది."

"అయితే పైకెక్కాక ఆగి, నడిచి దిగొచ్చు కదరా!" అగ్రఫీనా గొంతు చీలింది. "ఊళ్ళోకి వచ్చి ఒక్క ముక్క చెప్పొచ్చు కదా! నేను రెండున్నరకి మొత్తుకునేదాకా నోరు లేదా వాడికి?"

"పైన ఆగాడక్కా. అయిదు నిమిషాలు ఆగాడు. తలుపు తియ్యలేదు."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయాల్ గుట్ట మీది నుంచి దిగి నా వెనక నిలబడ్డాడు. వాడి ఊపిరి నా మెడకి తగులుతోంది.

"ఎవరి షాఫ్టు?" అన్నారెవరో. "ప్రోకోపీ, అలాంటిది బిగించేదీ విప్పేదీ నువ్వే కదా. ఎవరిది?"

"నవంబరులో అన్ని బండ్లూ చూశారుగా బాబాయ్," అన్నాడు ఇంకొకడు గవ్రీల్ వైపు తిరిగి. "మీరే కింద దూరి ఒక్కొక్క షాఫ్టూ కుదిపి చూశారు. నా బండిని వారం రోజులు కదలనివ్వలేదు మీరు. ఇప్పుడు ఎవరు దాచిపెట్టారు?"

గవ్రీల్ బాబాయి గుట్ట మీది జాడ వంకే చూస్తున్నాడు. నాకు పదహారేళ్ళప్పుడు ఈయనే నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టాడు. ఇంజను చప్పుడుని బట్టి జబ్బు చెప్పడం నేర్పాడు. నిన్న మిచీల్ చేతుల్ని తన పొట్ట మీద పెట్టుకున్న చోట ఆయన చర్మం కూడా కమిలి ఉండాలి.

"ఒకవేళ," అన్నాడు, "వెనక ఇంకో బండి వస్తోందని వాడు అనుకున్నాడేమో. అయాల్ వస్తున్నాడని. వాడు ఆగుతాడులే అని."

"అనుకుని ఉండొచ్చు," అన్నాను. "అయాల్ అడవిదారిలో వచ్చాడు. రెండున్నరకి ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. రాత్రికీ తెలుసు. ఇవాళ పొద్దునకీ తెలుసు."

"నువ్వు మాటిచ్చి ఉంటే?" అన్నాడు. గొంతు నాకు తప్ప ఎవరికీ వినపడనంత చిన్నగా ఉంది. "షాఫ్టు సంగతి చెప్పనని?"

"ఇచ్చాను. తప్పుతున్నాను. బండి తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్న తప్పు కూడా నాదే, అది తరవాత విచారించండి."

"లోపలికి పదండి," అన్నారెవరో. ఎవరూ కదల్లేదు.

"పేరు బాయిలరు గదిలోనే పలకాలి," అన్నాడు గవ్రీల్ బాబాయి. ఈసారి గట్టిగానే అన్నాడు. "బయట పలికింది చెల్లదు."

లోపలికి వెళ్ళాం. ఆయన మళ్ళీ బల్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. అది ఆయన చోటు. అడగాల్సింది ఆయనే, మరొకరు అడిగితే చెల్లదు. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అడిగేవాడు టోపీ తియ్యక్కర్లేదు.

"తప్పు పేరు పలికితే నీకూ అదే శిక్ష. తెలుసు కదా?"

"తెలుసు."

"తండ్రి పేరుతో సహా చెప్పాలి."

"తెలుసు బాబాయ్."

"అయితే చెప్పు. అందరికీ వినపడాలి."

"నికిఫోర్ కొడుకు గవ్రీల్," అన్నాను.