నిటారు ముద్ర

వలయం ఆరు మిల్లీమీటర్లే వచ్చింది. ఆరున్నర రావాలి.

మినోబే సచియో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. నాలుగు జెల్ పలకలు పెట్టింది, నాలుగింటిలోనూ అదే లెక్క. ఆ పలకల్లో ఫ్లూ వైరస్‌ని పట్టుకునే యాంటీబాడీలు కలిపి ఉంటాయి. మధ్య గుంటలో టీకా మందు చుక్క వేస్తే అది చుట్టూ పాకుతుంది, యాంటీబాడీలు గుర్తుపట్టినంత మేర తెల్లటి వలయం కడుతుంది. వలయం చిన్నదైతే మందులో పస తక్కువని అర్థం. దాన్ని భూతద్దం కింద కొలవడంలో ఇసోహమ టీకాల ఫ్యాక్టరీలో ఆమెను మించిన కన్ను లేదు. ఆ మాట ఆమె అనదు, అందరూ అంటారు. ఇప్పుడు ఆ కన్నే ఆమె మెడకు చుట్టుకుంది.

కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. వైరస్‌ని చంపే గదిలో పనిచేసే ఒగినోని అడిగితే కాసేపు నీళ్ళు నమిలాడు.

"మే సెలవులు వచ్చాయి కదక్కా. ఏడో రోజున తొట్టిని చల్లగదికి మార్చాలంటే పండగ పూట ఒకరు రావాలి. కుగిమియా సార్ వద్దన్నారు. ఫార్మాలిన్‌లో ఇంకో ఐదు రోజులుంటే వైరస్ ఇంకా బాగా చస్తుంది, మంచిదేగా అన్నారు."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను? 'కనీసం ఏడు రోజులు' అని కాగితంలో ఉంది. 'ఇంతకు మించొద్దు' అని ఎక్కడా లేదు."

సచియోకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లెక్క తగ్గకూడదని మాత్రమే చూసే మనుషులు తయారుచేసిన కాగితం అది. తక్కువ చేస్తారేమో అని భయపడ్డారు గానీ, సెలవుల కోసం ఎక్కువ చేస్తారని ఎవరూ కలగనలేదు.

సెక్షన్ హెడ్డు కుగిమియా చెడ్డవాడేం కాదు. జాగ్రత్త అనే జబ్బున్న మనిషి. ఎండ మండుతున్నా చేతిలో గొడుగు లేనిదే గుమ్మం దాటడు. సచియో ఆయన గదికి వెళ్ళేసరికి బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి సచియోను పర్మనెంటు చెయ్యమనే సిఫార్సు. ఆమె కాంట్రాక్టు వచ్చే నెలాఖరుకి ముగుస్తుంది, ఆ తరువాత ఉద్యోగం ఉండేదీ ఊడేదీ ఈ కాగితమే చెప్పాలి. దాని మీద, సంతకానికి బదులుగా వేసే ఆయన పేరు ముద్ర ఇంకా పడలేదు. రెండోది ఈ బ్యాచ్ పరీక్ష పత్రం. అందులో కొలతల గడి ఖాళీ, ఫలితం గడి ఖాళీ, పరీక్షించినవారి ముద్ర గడి ఖాళీ. కుగిమియా ఎర్ర ముద్ర మాత్రం ఆయన గడిలో అప్పుడే ఆరిపోయి ఉంది.

"కూర్చోండి మినోబే గారూ. నా పని నేను కానిచ్చేశాను, చూశారుగా. ఇక మీరు అంకె వేసి, ముద్ర కొడితే సాయంత్రానికి పంపించేద్దాం."

"ఆరే వచ్చిందండి."

"వలయం అంచున పల్చటి పొగలాగా ఉంటుంది కదా. దాని బయటి అంచు నుంచి కొలిచి చూడండి."

"పొగ వలయం కాదండి."

"అర మిల్లీమీటరు. ఎవరి కన్ను ఎవరు చూశారు?"

"నా కన్ను నేను చూశాను."

ఆయన దగ్గి, గొంతు తగ్గించాడు. "వైరస్ చచ్చింది. ప్రొటీన్ బరువు తూచాం, చుక్క తగ్గలేదు. ఇంకేం కావాలండీ మీకు?"

ఐదేళ్ళుగా ఈ గదిలో తల ఊపడమే తప్ప ఎదురు చెప్పి ఎరగదు సచియో. కానీ బరువు అన్న మాట వినగానే ఒళ్ళు మండింది.

"బరువు ఉంటే సరిపోతుందా సార్? ఫార్మాలిన్ ప్రొటీన్లను ఒకదానికొకటి కుట్టేస్తుంది. కాస్త కుడితే వైరస్ చస్తుంది, దాన్ని గుర్తుపట్టే ముఖం మిగులుతుంది. పన్నెండు రోజులు కుడితే ముఖమే మిగలదు. పామును చంపి పిల్లలకి చూపిస్తాం, ఇలాంటిది కనిపిస్తే జాగ్రత్త అని. టీకా చేసేదీ అంతే. చచ్చిన పామును పట్టుకుని ముద్దయ్యేదాకా చితగ్గొడితే, అది పామో తాడో పిల్లలకేం తెలుస్తుంది?"

"అయినా ఎవరికీ హాని లేదు కదా."

"టీకా వేయించుకున్నాం కదా అని ధైర్యంగా తిరిగే ముసలివాళ్ళకి జనవరిలో తెలుస్తుంది హాని."

కుగిమియా కిటికీలోంచి ఆవరణ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ, వైరస్‌ని పెంచడానికి వాడేసిన కోడిగుడ్ల జ్ఞాపకార్థం నిలిపిన నల్లరాయి ఉంది. ఏటా శరదృతువులో ఫ్యాక్టరీ అంతా దాని ముందు వరుసగా నిలబడి, టీకా కోసం పోయిన పిండాలకు తల వంచి దండం పెడుతుంది.

"డెబ్బై వేల గుడ్లండీ ఈ బ్యాచ్‌కి. డ్రైనేజీలో పొయ్యమంటారా? రేపు ఏ ముఖంతో నిలబడతారు ఆ రాయి ముందు?"

"పనికిరాని మందుకి వాటి ప్రాణం తీశామని తెలిసి, దాచిపెట్టి, ఏ ముఖంతో నిలబడమంటారు?"

కుగిమియా సిఫార్సు కాగితాన్ని వేలితో అంగుళం ఇవతలికి జరిపాడు.

సచియో కలం తీసింది. కొలత గడిలో ఆరు అని రాసింది. ఫలితం గడిలో 'పనికిరాదు' అని రాసింది. కారణం గడిలో 'ఫార్మాలిన్‌లో పన్నెండు రోజులు' అని రాసి, సంచిలోంచి ముద్ర తీసింది.

చేరిన మొదటి వారంలోనే ఆమెకు నేర్పారు, కింది ఉద్యోగి ముద్ర నిటారుగా వెయ్యకూడదని. పైవాడి గడి ఎడమన ఉంటుంది, కాబట్టి మన పేరు కాస్త ఎడమకు వాలాలి, దండం పెడుతున్నట్టు. ఐదేళ్ళలో ఆమె పేరు వెయ్యిసార్లు వంగి ఉంటుంది. చెయ్యి అలవాటుకొద్దీ వాలబోయింది. సరిచేసుకుని, నిటారుగా గట్టిగా నొక్కింది.

కుగిమియా పత్రం వైపు చూశాడు. 'పనికిరాదు' అన్న మాట, ఆ కిందే తన ముద్ర, పక్కన ఆమె ముద్ర. పత్రాలకు వరుస నంబర్లుంటాయి, చింపడానికి లేదు. చదవకుండా ముందే ముద్ర కొట్టానని ఎవరితో చెప్పుకుంటాడు?

"నేను ఒప్పుకోలేదు," అన్నాడు మెల్లగా.

"ఒప్పుకున్నారండి. నాకంటే ముందే."

ఆయన సిఫార్సు కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. సచియోకి వచ్చే నెల అద్దె గుర్తొచ్చింది, భయం వేసింది. అయినా లేచి, పత్రం తీసుకుంది.

"ముద్ర కూడా నిటారుగా కొట్టారే," అన్నాడాయన వెనకనుంచి.

"ఈ బ్యాచ్‌లో వంగకూడనివి చాలానే వంగాయి సార్. ఇదొక్కటైనా తిన్నగా ఉండనివ్వండి."

తలుపు దగ్గర వంగి దండం పెట్టడం ఆనవాయితీ. సచియో పెట్టలేదు. పత్రాన్ని నాణ్యతా విభాగం కిటికీలో ఇచ్చి, రసీదు తీసుకుని, వెళ్ళి ఆ నాలుగు పలకలూ కడగడం మొదలుపెట్టింది.