ఊరికే కూర్చున్న మనిషి

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుస్తుండగా, అద్దం ముందు తల దువ్వుకుంటున్న భర్త అన్నాడు: "ఈ ఆదివారం మీ స్టూడియోల్లో ప్రదర్శనట కదా. అమ్మా నేనూ వస్తాం."

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆగిందన్న సంగతి మాడు వాసన వచ్చేదాకా ఆమెకే తెలియలేదు. గభాలున పెట్టె ఎత్తింది. తెల్లటి కాలరు మీద గోరంత పసుపు మచ్చ. దాన్ని లోపలికి మడిచేసి, "అంత దూరం అత్తయ్యకి ఇబ్బందేమో" అంది.

"నన్ను రావద్దంటున్నావా?"

గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు. పెళ్లయిన కొత్తలో ఇరుగుపొరుగువాళ్ళు "మీ ఆయనకి నోట్లో నాలుకే లేదమ్మా, అదృష్టవంతురాలివి" అనేవారు. ఆ నాలుక ఎప్పుడు బయటికొస్తుందో ఆమెకి తెలుసు. తలుపులు వేశాక, మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలి, మెల్లగా, మరీ మెల్లగా మాట్లాడతాడు. అలా మాట్లాడిన రోజున ఏదో ఒకటి విరుగుతుంది. ఒకసారి ఆమె కళ్ళజోడు. ఒకసారి చిటికెనవేలు. తలుపు సందులో పడిందని డాక్టరుకి చెప్పింది కూడా ఆమే.

మూతపడ్డ దారపు మిల్లు షెడ్లని స్టూడియో గదులుగా విడగొట్టి ఊళ్ళోని కళాకారులు పంచుకున్నారు. ఒక గదిలో కుండలు, ఒక గదిలో అచ్చు యంత్రం, మిగతావాటిలో రంగులూ చెక్కా ఇనుమూ. ఏడాదికోసారి అందరూ తలుపులు బార్లా తెరిచి జనాన్ని రమ్మంటారు. కుండలు చేసే అక్క దయవల్ల ఈసారి ఆమెకీ ఒక మూలగది దొరికింది. "ఇంట్లో ఊరికే కూర్చునేదానివేగా, పోయిరా" అని ఆయనే పంపించాడు. ఆ మాట ఆయన రోజూ అంటాడు. పొద్దస్తమానం ఊరికే కూర్చుంటావు, ఒక్క బొత్తాం కుట్టలేవా? ఊరికే కూర్చునేవాళ్ళకి అలసటేంటి? అత్తగారిది ఇంకో పాట: మా రోజుల్లో నడుం వాల్చాలంటే జ్వరం రావాలి. ఎప్పుడు కూర్చుంది తను? గట్టుకి ఆనుకుని నిలబడే తింటుంది, ఫోను మాట్లాడుతూనే గిన్నెలు తోముతుంది, స్నానాలగదిలో కాస్త ఆలస్యమైతే "ఇంకా ఎంతసేపు?" అని తలుపు మోగుతుంది. ఆలోచించగా ఆలోచించగా నవ్వొచ్చింది. నవ్వుతూనే తన పాత బట్టలు తెచ్చి, రంపపుపొట్టు కూరి, నిలువెత్తు మనిషిని కుట్టింది. తన నీలం శాలువా కప్పింది. నల్ల ఊలుతో జుట్టు పెట్టి ముడి వేసింది. గుమ్మానికి వీపు పెట్టి, కిటికీ వైపు తిప్పి, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఏ పనీ చెయ్యకుండా కూర్చోబెట్టింది. కుడుతున్నంతసేపూ భయమన్నది ఆమె దరిదాపులకి రాలేదు. అదంతా ఇప్పుడు వడ్డీతో సహా వచ్చిపడింది.

ఆయన అటు వెళ్ళగానే అక్కకి ఫోను చేసింది. "అక్కా, ఆ బొమ్మ తీసెయ్."

"నీ బొమ్మ నేనెందుకు తీస్తాను? తియ్యాలనిపిస్తే నువ్వే వచ్చి తియ్యి" అంది అక్క.

ఆదివారం ఇంటిల్లిపాదికీ వండి, మూతలు పెట్టి, అందరికంటే ముందు పరిగెత్తింది. కానీ బొమ్మ పడిపోకుండా ఉండాలని దాని కాళ్ళలో అప్పుడు తనే ఇసుక పోసింది. చంకల కింద చేతులేసి లాగితే ఆ మనిషి ససేమిరా కదల్లేదు. ఇంతలో బయట ఆయన కారు ఆగిన చప్పుడు. ఆమె పక్కనున్న అచ్చుగదిలోకి దూరి తలుపు ఓరగా వేసుకుంది.

ముందు ఆయన వచ్చాడు, వెనక కర్ర ఊతతో అత్తగారు. స్తంభం చాటున ఇద్దరు కాలేజీ అమ్మాయిలు గోడ మీది చీటీ చదువుతున్నారు. ఆయన వాళ్ళని చూడలేదు. కిటికీ వెలుగులో శాలువా చూశాడు, ముడి చూశాడు. వెనకనుంచే చెవి దగ్గరికి వంగాడు. రేకుల షెడ్డు కదా, గుసగుస కూడా గోడలకి తగిలి తిరిగొస్తుంది.

"మేం వస్తామని తెలుసు." ఆగాడు. "లేచి ఎదురు రావడానికి ఒళ్ళు బరువు." మళ్ళీ ఆగాడు. "ఇంటికి రా. చెప్తాను."

ఆ మనిషి పలకలేదు. ఆయన చెయ్యి ముడి కింద, మెడ మీద పడింది. వేళ్ళు బిగిశాయి. తలుపు వెనక ఆమెకి సరిగ్గా అక్కడే నొప్పి పుట్టింది. బొమ్మ తల పక్కకి వాలిపోయి, ఊడిన ఊలు ఆయన వేళ్ళకి చుట్టుకుంది.

"అయ్యో!" అంది ఒక అమ్మాయి.

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. వెంటనే నవ్వాడు. "తమాషాకి అన్నానండీ. మా ఆవిడ చేసిందే ఇది." ఆ నవ్వుకి ఎవరూ జత కలవలేదు.

ఆమె మాత్రం అత్తగారినే చూస్తోంది. ఆ మెల్లటి మాట మొదలైన క్షణానే ముసలావిడ గోడకి అతుక్కుపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని, అరచేతిని చెంపకి అడ్డం పెట్టుకుంది. ఆవిడనెవరూ ఏమీ అనలేదు.

ఆమె బయటికి వచ్చింది. ఆయన చూపు ఆమె మీద పడింది.

"పద" అన్నాడు.

"ఇంటికొస్తే చెప్తానన్నారుగా." అంది ఆమె. "ఇక్కడే చెప్పండి."

అది ధైర్యం కాదు. ఇక్కడ మనుషులున్నారు, అంతే.

ఆయన అమ్మాయిల వంక చూశాడు, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ అక్క వంకా, ఆ మట్టి చేతుల వంకా చూశాడు. "ఈవిడకి ఇవాళ ఒంట్లో బాగా లేదు" అని మళ్ళీ నవ్వి, వేళ్ళ నుంచి ఊలు విదిలించుకున్నాడు. "అమ్మా, కార్లో ఉంటా. తీసుకురా."

ఆయన అడుగుల చప్పుడు దూరమయ్యాక అత్తగారు దగ్గరికి వచ్చింది. "నువ్వు ఇంటికి రాకు" అంది.

తీర్పు అయిపోయిందనుకుంది ఆమె. కానీ ఆవిడ చల్లటి చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది.

"ఇవాళ రాకే తల్లీ. నవ్వాడు, చూశావా? నలుగురిలో వాళ్ళ నాన్నా అలాగే నవ్వేవాడు. నవ్విన రోజు రాత్రి..." మిగతాది మింగేసింది.

"మా ఇంట్లో ఉంటుందిలెండి" అంది గుమ్మంలోంచి అక్క.

ఆమె అత్తగారి మొహంలోకి చూసింది. "మరి మీరు?"

"నన్నేం చేస్తాడు? కన్నదాన్ని." అంది గానీ ఆవిడ అడుగు ముందుకి వెయ్యలేదు.

బయట హారన్ మోగింది. ముసలావిడ ఒళ్ళంతా అదిరిపడింది. కర్ర కోసం తడుముకుంది. మళ్ళీ మోగింది, ఈసారి ఆగకుండా. ఆమె అత్తగారి చెయ్యి వదల్లేదు.

"మోగనివ్వండి అత్తయ్యా" అంది.