వేలిముద్ర చెల్లని మధ్యాహ్నం

నన్ను సర్పంచి ఎన్నికల్లో నిలబెట్టింది గెలవడానికి కాదు, తప్పుకోవడానికి. వింటేనే ఒళ్లు మండుతుంది కదా? నాకూ మండింది. కాకపోతే కాస్త ఆలస్యంగా మండింది.

మా నల్లరాళ్లపల్లె జమ్మలమడుగుకు అరగంట దారి. ఊర్లో సగం మందిమి గొర్రెలు కాసుకుని బతికేవాళ్లం. పదేళ్లుగా సర్పంచి బదరీనారాయణ శెట్టి. ఆయనకు ప్రొద్దుటూరులో బంగారం అంగడి, మా ఊర్లో అరవై ఎకరాల భూమి. ఈసారి పదవి ఆడవాళ్లకు కేటాయించారు. అయితే ఏం, ఆయనకు భార్య ఉంది కదా! కామాక్షమ్మ పేరుతో నామినేషన్ వేయించి, పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఏకగ్రీవం అని తేల్చేశాడు. ఆమె ప్రొద్దుటూరులోనే ఉంటుంది. పేరుకు ఓటు మా ఊర్లో ఉంది గానీ ఆమె ముఖం చూసినవాళ్లే తక్కువ.

నామినేషన్‌లో ఏదైనా తప్పు దొర్లి అధికారి కొట్టేస్తే సీటు చేజారిపోతుంది. అందుకని పక్కన ఇంకో పేరు వేసి ఉంచుతారు. దాన్ని డమ్మీ అంటారు. అసలుది నిలబడ్డాక డమ్మీ తప్పుకోవాలి. ఆ డమ్మీని నేను. ఊరంతా వదిలేసి నన్నే ఎందుకు పట్టుకున్నారంటారా? పెద్దక్క, అంటే నేను, నోట్లో వేలు పెట్టినా కొరకలేదని. పొద్దున జీవాలను తోలుకుని కొండకు పోయి పొద్దుగూకి వచ్చేదానికి ఏం తెలుస్తుందని.

మా ఆయన గంగులయ్య కాదనలేకపోయాడు. కోతలయ్యాక మా మంద మేసేది శెట్టి చేలల్లోనే. రాత్రుళ్లు మంద కట్టేదీ అక్కడే. మేత మాకు, ఎరువు ఆయనకు. "సంతకం చేసి వచ్చేయ్, పోతే ఏంబోయె" అన్నాడు మా ఆయన.

నామినేషన్ రోజు శెట్టి మనుషులంతా కామాక్షమ్మ చుట్టూ దండలు పట్టుకుని తిరుగుతున్నారు. డమ్మీ గురించి ఎవడికి పట్టింది? నా పేరు ప్రతిపాదించడానికి ఒక మనిషి కావాలంటే, "ఎవర్నో ఒకర్ని ఎంబడి పెట్టుకునిపో" అన్నారు. పక్కింటి బిస్మిల్లా బీని తీసుకుని పంచాయతీ ఆఫీసు లోపలికి పోయాను.

"సంతకమా, వేలిముద్రా?" అన్నాడు అధికారి.

బిస్మిల్లా బీ నా నడుములో ఒక్క పొడుపు పొడిచింది. ఆమె మా పొదుపు సంఘానికి లీడరు. ఏడేళ్ల కిందట, "వేలిముద్రలతో నా తీర్మానం పుస్తకం మసి చేస్తాండారు" అని కసురుకుని, ఏడాది పాటు నా చేత పలకా బలపం పట్టించిన మహాతల్లి. పేరుతో మొదలుపెట్టి పేపరు చదివేదాకా తెచ్చింది. నేను పెన్ను తీసుకుని పె, ద్ద, క్క అని నింపాదిగా రాశాను.

ఆ సాయంత్రమే శెట్టి తన అరుగు మీదికి పిలిపించాడు. ఆయన దగ్గర కాగితాలు చూసే రాజశేఖర్ ఒక కాగితం, ఒక ఇంకు ప్యాడు నా ముందుకు తోశాడు. తప్పుకుంటున్నానని రాసిన కాగితం అది. సంతకం వచ్చా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు! నా బొటనవేలిని వాడే పట్టుకుని, ఇంకులో అద్ది, కాగితం మీద ఒత్తాడు. గొర్రె చెవికి గాటు పెట్టేటప్పుడు కూడా మేం దాని తల నిమిరి పెడతాం.

"ఇంకేం పనిల్యా. తప్పుకునే పొద్దుకు మేమే ఇచ్చుకుంటాం. నువ్వు జీవాల ఎంబడి పో" అన్నాడు శెట్టి.

ఇంటికొచ్చి వేలు ఎంత తోమినా ఇంకు పోలేదు. బోరు దగ్గర జీవాలకు నీళ్లతొట్టి కట్టించమని గ్రామసభలో రెండేళ్లు అడిగాను. రెండుసార్లూ "మగోళ్లను పంపియ్యి" అన్నారు. అదీ ఇదీ కలిసి ఆ రోజు నాకు మండింది. కానీ అయిపోయింది కదా, కాగితం వాళ్ల చేతిలో ఉంది కదా అనుకున్నాను.

తప్పుకోవడానికి ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడు దాకా గడువు. నేనూ మా ఆయనా కొండ మీద జీవాలను నీడకు తోలి సద్ది విప్పుకుంటున్నాం. ఫోను మోగింది. బిస్మిల్లా బీ. గొంతులో ఆయాసం.

"పెద్దక్కా! నీ కాగితం చెల్లల్యా!"

"ఏ కాగితమే?"

"తప్పుకునే కాగితం! నామినేషన్‌లో ముత్యాల మాదిరి సంతకం చేసిన మనిషి ఈడ వేలిముద్ర ఎందుకేసింది అని సారు తిప్పికొట్టినాడు. ఆమె సంతకమన్నా తెండి, ఆమెనన్నా తెండి అన్నాడు. శెట్టి మొఖం చూడాల నువ్వు! రెండు బండ్లు నీ కోసరం కొండకొస్తాండాయి. మూడు లోపల నీ సంతకం పడకపోతే నువ్వు నిలబడినట్టే!"

చేతిలో రాగిముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను నిలబడినట్టే! నా గుర్తు ఓటు కాగితం మీద! ఊరంతా నా గుర్తు చూసి ముద్ర గుద్దడమే! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒక్కసారే.

"అయితే ఈ గుట్టల్లో దాక్కుంటా. మూడయ్యేదాకా బ్రహ్మదేవుడొచ్చినా దొరకను."

"దాక్కుంటే చెడిపోతావు! రాజశేఖర్ ఈ ఆఫీసు వెనకనే కూర్చోని నీ పేరు రాసేది నేర్చుకుంటాండాడు. నా కండ్లతో చూసినా. మూడు కాగితాలు ఖరాబు చేసినాడు. నువ్వొచ్చి నోటితో చెప్పాల. ఉరుకు!"

నాకు ఏడాది పట్టిన అక్షరాలు వాడు అరగంటలో దొంగిలిస్తాడా! కొంగు నడుముకు బిగించాను. గంగులయ్య వైపు చూశాను. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"శెట్టితో పెట్టుకుంటే ఎండాకాలం మంద యాడ కడదాం?" అన్నాడు.

"నాకూ భయంగానే ఉంది. కానీ నా వేలు పట్టి ఒత్తినాడు వాడు. గొర్రెకన్నా హీనంగా!"

కింద మలుపులో బైకుల మోత వినబడింది. మా ఆయన లేచి తలపాగా సర్దుకున్నాడు. "నువ్వు వంకదారిలో దిగు. ఈళ్ల సంగతి నేను చూస్తా" అని నాలుక మడిచి ఈల వేశాడు.

నూట ఇరవై జీవాలు లేచి, ఆ ఇరుకు బండ్లబాటలోకి దిగాయి. వెనక్కి చూస్తే బైకులు రెండూ ఉన్నికుప్పలో మునిగిపోయాయి. హారన్లు, తిట్లు, మే మే అని అరుపులు. మా ఆయన గొంతు మాత్రం వెన్నపూస. "ఆగప్పా, నిన్న ఈనిన గొర్రె ఉంది, తొక్కేవు! ఆడుండు మామా, పక్కకు తోలతాండా కదా!"

నేను పరుగందుకున్నాను. నలభై రెండేళ్ల మనిషినని ఎవరంటారు! రాళ్లు, ముళ్లు, వంక ఇసుక. ఒక చెప్పు తెగితే రెండోది కూడా విసిరికొట్టాను. పంచాయతీ ఆఫీసు గడప తొక్కేసరికి గోడ గడియారంలో మూడుకు ఎనిమిది నిమిషాలు తక్కువ.

అధికారి చేతిలో కొత్త కాగితం ఉంది. నామినేషన్‌ను పక్కన పెట్టుకుని పోల్చి చూస్తున్నాడు. శెట్టి బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. కామాక్షమ్మ గోడ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. మెడలో వాడిన దండ.

"సార్, అది నా సంతకం కాదు!" గుమ్మంలోంచే అరిచాను.

రాజశేఖర్ మెల్లగా తలుపు వైపు జరిగాడు. బిస్మిల్లా బీ అడ్డం నిలబడింది. "యాడికి పోతాండావప్పా? ఉండు, సారు నీ రాత మెచ్చుకుంటాడేమో!"

అధికారి మొదటి కాగితం తీశాడు. "మరి ఈ వేలిముద్ర ఎవరిది?"

నాది కాదంటే చాలు, గెలిచినట్టే. కానీ నా వేలికి ఇంకు మరక ఇంకా ఉంది.

"నాదే సార్. వేలు పట్టి ఒత్తించుకున్నారు. సంతకం వచ్చా అని ఎవురూ అడగలే. తప్పుకుంటావా అని అంతకన్నా అడగలే."

"సరే, ఇప్పుడు నేను అడుగుతున్నాను. మీరు తప్పుకుంటున్నారా?"

శెట్టి ముందుకొచ్చాడు. గొంతులో బెల్లం. "పెద్దక్కా, ఊరి మాట కాదంటావా? ఎండాకాలం మీ మంద యాడ కడతారో ఆలోచన చేసుకో తల్లీ."

భయమేసింది, అబద్ధమెందుకు. మరుక్షణమే ఆ మాటలోని తిరకాసు తట్టింది నాకు. "మా మంద కట్టబట్టే కదా శెట్టప్పా నీ చేను పండేది? నువ్వు వద్దంటే రమ్మనేటోళ్లు శానా మంది ఉండారు. సార్, నేను తప్పుకోను!"

గడియారం మూడు కొట్టింది. అధికారి దొంగ కాగితాన్ని విడిగా కవర్లో పెట్టాడు. దాని సంగతి పైవాళ్లు తేలుస్తారని చెప్పి, పేర్ల వరస ప్రకారం గుర్తులు చదివాడు. కామాక్షమ్మకు ఉంగరం. నాకు కత్తెర. ఏటేటా జీవాల ఉన్ని కత్తిరించే చేతికి కత్తెర! ఎగిరి గంతేసినంత పని చేశాను. బిస్మిల్లా బీ అయితే వేసేసింది.

"ఇద్దరూ ఇక్కడ సంతకాలు పెట్టండి."

అలవాటు చొప్పున బంట్రోతు ఇంకు ప్యాడు నా వైపు జరిపాడు. నేను దాన్ని వాడి వైపే జరిపి, పెన్ను అడిగి తీసుకున్నాను. ఊరంతా కిటికీల్లోంచి చూస్తుండగా మూడక్షరాలూ రాశాను. తర్వాత వంతు కామాక్షమ్మది. శెట్టి చేయి చాచాడు. "ఇటియ్యి, ఆమె తరపున నేను పెడతా. ఇన్నాళ్లూ అన్నీ నేనే పెడతాండా."

ఒళ్లు మండింది. ఆయన్ను దాటుకుని పోయి పెన్ను కామాక్షమ్మ చేతిలో పెట్టాను. "నువ్వు పెట్టమ్మా."

ఆమె పెన్ను వంక చూసింది, భర్త వంక చూసింది. మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టింది. "పెండ్లికి ముందు పులివెందుల బడిలో పిల్లోళ్లకు పాఠాలు చెప్పినా నేను" అంది, ఎవరితోనో తెలియకుండా. కాగితం తన ముందుకు లాక్కుంది. ఆ తర్వాత గుండ్రంగా, అందంగా, నా కన్నా వంద రెట్లు బాగా సంతకం చేసింది.

బయట గొర్రెల అరుపులు వినబడుతున్నాయి. మా ఆయన మందను ఊర్లోకే తోలుకొచ్చేశాడు. కామాక్షమ్మ నా చేయి పట్టుకుని మెట్లు దిగింది.

"మీ ఇల్లు యాడ పెద్దక్కా? పోటీ అన్నాక ఓట్లు అడగాల కదా. నేనే ఇంటింటికీ తిరుగుతా, మీ ఇంటి నుంచే మొదలుపెడతా."

"రామ్మా," అన్నాను. "చల్లటి మజ్జిగ ఇస్తా. ఓటు మాత్రం ఇయ్యను."