యోసేపు బల్ల మీద రంపపు ఈగలు

నేరేడుచర్లలో సండే స్కూల్ పిల్లలకు పాఠం చెప్పే గ్రేస్, నవంబరు చివర్లో ఒక ఆదివారం తొందరపడి మాట ఇచ్చేసింది. ఈసారి క్రిస్మస్ ప్రోగ్రాంలో నిజం సీతాకోకచిలుకలను ఎగరేద్దామంది. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా పిల్లలు ఆ కబురు ఊరంతా చేరవేశారు.

అవి ఎక్కడినుంచి వస్తాయో ఆమె అప్పటికి ఆలోచించనే లేదు. మర్నాడు పక్కింటి నాగయ్య ముల్లంగి మడిలో ఆకుల నిండా నల్లటి పురుగులు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. వేలు తగలగానే అవి సున్నాలా చుట్టుకుని కింద రాలుతున్నాయి. చచ్చినట్టు పడుకుని, ఎవరూ చూడటం లేదనుకున్నాక మెల్లగా మళ్ళీ ఆకు ఎక్కుతున్నాయి.

"బాబాయ్, ఈ పురుగులు నేను తీసుకోవచ్చా? సీతాకోకచిలుకలు అవుతాయి" అని అడిగింది.

నాగయ్య మందు కొట్టడానికి సిద్ధమవుతున్నవాడల్లా ఆగి, ఆమె వైపు అనుమానంగా చూశాడు. "అన్నీ తీస్కపో బిడ్డా. గిట్ల అడిగేటోళ్ళు రోజుకొకరు వస్తే నాకు మందు కర్సే ఉండదు."

గ్రేస్ ఒక ప్లాస్టిక్ టబ్బులో మట్టి పోసి, పురుగులను వేసి, పైన దోమతెర కట్టింది. తెచ్చిన ఆకునంతా అవి ఈనెలు మిగిల్చి తినేశాయి. మళ్ళీ నాగయ్య దగ్గరికే వెళ్ళాల్సివచ్చింది.

"మొన్న పురుగులను తీస్కపోతివి. ఇయ్యాల వాటికి బువ్వ గూడ నేనే పెట్టాల్నా?" అన్నాడు నాగయ్య. అంటూనే అడుగు ఆకులు ఒక పిడికెడు కోసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ తర్వాత రోజూ ఆమె కనబడగానే, "నీ సుట్టాలు మంచిగున్నరా?" అని అడిగేవాడు.

ఇంట్లో మామ మత్తయ్య ఇంకో రకం. జీవితమంతా వడ్రంగి పని చేసినవాడు. మోకాళ్ళు మొరాయించాక పని మానేసి, వరండాలో కుర్చీ వేసుకుని కోడలి పనులన్నింటి మీదా తీర్పులు చెబుతుండేవాడు.

"పెండ్లయిన కాడ్నుంచి నా కొడుక్కు గింత తాజా కూర పెట్టలే నువ్వు" అన్నాడు ఒక పొద్దున, ఆమె ఆకులు కడుగుతుంటే.

"మీ అబ్బాయి ప్రతి కూరకీ వంక పెడతాడు మామయ్యా. ఇవి నోరెత్తకుండా తింటున్నాయి" అంది గ్రేస్. ఆమెది కోదాడ. ఇన్నేళ్ళయినా మాట తీరు మారలేదు, ఎదురు చెప్పే అలవాటూ పోలేదు.

డిసెంబరు రెండో వారంలో ఒక ఉదయం చూస్తే టబ్బు ఖాళీ. ఆకులు ఉన్నాయి, పురుగులు లేవు. గ్రేస్ దోమతెర నాలుగు వైపులా తడిమి చూసింది. ఎక్కడా చిరుగు లేదు.

"దావత్ ఖతం. సుట్టాలు ఎల్లిపోయిన్రు" అన్నాడు మత్తయ్య కుర్చీలోంచే.

ఆమె చెంచాతో మట్టిని కొద్దికొద్దిగా కదిపింది. చిన్న చిన్న మట్టి ఉండలు బయటపడ్డాయి. ఒకటి జాగ్రత్తగా విప్పితే లోపల పలచని పట్టు పొర, దాంట్లో ముడుచుకున్న పురుగు. సంతోషం పట్టలేక కోదాడలో వ్యవసాయ పాలిటెక్నిక్ చదివే చెల్లెలు ప్రవళికకు ఫోన్ చేసి, పురుగులను తెచ్చిన రోజు తీసినవీ ఇప్పటివీ ఫొటోలు పంపింది. అవతలి నుంచి చాలాసేపు నవ్వు తప్ప మాట రాలేదు.

"అక్కా, పాత ఫొటోలో పొట్ట కింద కాళ్ళు లెక్కపెట్టు."

గ్రేస్ ఫొటో పెద్దది చేసి లెక్కపెట్టింది. "ఎనిమిది జతలున్నాయే."

"సీతాకోకచిలుక పిల్లకి అక్కడ ఐదు జతలకు మించవు. ఇవి రంపపు ఈగలు. కందిరీగలకు చుట్టాలు, కానీ కుట్టవులే. ఆడ ఈగకి తోక దగ్గర చిన్న రంపం ఉంటుంది. దాంతో ఆకు అంచు కోసి గుడ్లు పెడుతుంది."

ఫోన్ పెట్టేశాక గ్రేస్ టబ్బు పక్కనే కూలబడిపోయింది. ఊరంతా సీతాకోకచిలుకల కోసం చూస్తోంది. ప్రోగ్రాం ముందు రోజు టబ్బు పిల్లి దొర్లించిందని చెబితే సరిపోతుందని కూడా అనుకుంది. కానీ ఆదివారం పిల్లల మొహాలు చూశాక అబద్ధం నోట రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

పిల్లలు నిరాశపడలేదు. రంపం ఎంత ఉంటుంది, వేలు తెగుతుందా, పళ్ళుంటాయా అని మీద పడ్డారు. వెనక వరసలోంచి రంగి అనే పిల్ల లేచి, "గట్లయితే నాటకంల యోసేపు బల్ల మీద పెడదాం టీచర్. ఆయన గూడ రంపం పట్టే వడ్లాయనే గదా" అంది.

ఇంటికొచ్చి రంపం సంగతి చెబితే మత్తయ్య ఒప్పుకోలేదు. "ఈగకు రంపమా. జన్మంతా రంపం పట్టినోన్ని, నాకు చెప్తున్నవా."

పండగకు కొద్ది రోజుల ముందు మట్టిలోంచి ఈగలు బయటికి వచ్చాయి. నారింజ రంగు ఒళ్ళు, నల్లటి తల, పొగ పట్టినట్టుండే రెక్కలు. గ్రేస్ ఒక లేత ముల్లంగి ఆకు లోపల పెట్టి, మామ బైబిలు చదువుకునే భూతద్దం తెచ్చి ఆయన చేతికిచ్చింది.

మత్తయ్య నవ్వుతూనే వంగాడు. ఒక ఈగ ఆకు అంచు పట్టుకుని పొట్ట వంచింది. సన్నటి కత్తిలాంటి అలుగు ఒకటి బయటికి వచ్చి ఆకులోకి దిగింది. పొట్ట ముందుకూ వెనక్కూ ఆడింది. ఆయన నవ్వు ఆపేశాడు. కాఫీ చల్లారిపోయినా తల ఎత్తలేదు. ప్రవళిక పంపిన మైక్రోస్కోపు ఫొటోలో రంపం పళ్ళు చూపిస్తే, వేలితో తెర మీద ఒక్కో పన్నూ తడిమాడు.

"పండ్లు వరసగ తీర్చి ఉన్నయ్" అన్నాడు చివరికి. "దీనికి ఆకురాయి ఎవడు పట్టిండో."

ప్రోగ్రాం నాడు సాయంత్రం స్టేజీ మీద యోసేపు బల్ల, దాని మీద దోమతెర టబ్బు. పరదా తీయగానే ముందు వరసలోంచి ఎవరో, "సీతాకోకచిలుకలు ఏవి?" అని అడిగారు. గ్రేస్ నోరు తెరిచేలోపే మత్తయ్య మోకాళ్ళు పట్టుకుంటూ స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాడు. రంపాల్లో రకాలతో మొదలుపెట్టి, పళ్ళు తీర్చడం ఎంత కష్టమో చెప్పి, అప్పుడు ఈగ దగ్గరికి వచ్చాడు. మరియమ్మ వేషం వేసిన పిల్ల ఆవులించింది. గొర్రెల కాపరులు కింద కూర్చున్నారు. గ్రేస్ వెనకనుంచి ఆయన చొక్కా రెండుసార్లు లాగింది.

"మత్తన్నా, అంతా మంచిగనే ఉంది గని" అన్నాడు నాగయ్య కింద నుంచి, "రేపు గవిట్ని నా మడిల ఇడుస్తవా ఏంది?"

"ఇడువ. నీ ముల్లంగి మీద గింత మంచి పనిముట్టు ఖరాబు చేసుకునుడెందుకు?"

జనం నవ్వులు తగ్గాక పిల్లలు వరసగా వచ్చి భూతద్దంలోంచి చూశారు. ఆ తర్వాత పెద్దవాళ్ళూ కదిలారు. నాగయ్య అందరికంటే ఎక్కువసేపు చూసి వచ్చి కూర్చున్నాడు.

ఈగలు ఎక్కువ రోజులు బతకలేదు. కొత్త సంవత్సరం వచ్చేసరికి టబ్బులో ఒక్కటీ కదలడం లేదు. నాగయ్య మడికి మళ్ళీ పట్టకుండా గ్రేస్ గుడ్లున్న ఆకులను కాల్చేసి, మట్టిని రెండు రోజులు మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరబోసింది. మామ ఆ రెండు రోజులూ ఎందుకో ఆమెను ఏడిపించలేదు.

సంక్రాంతి సెలవుల ముందు ఆయన పాత పనిముట్లు దించి, పెరట్లో ఏదో కొడుతూ కూర్చున్నాడు. ఏమిటని గ్రేస్ అడిగితే కళ్ళద్దాలు పెట్టుకునే పెట్టె అన్నాడు. సాయంత్రానికి అది మూరెడు పొడవైంది. మూడు వైపులా అద్దం బిగించాడు, మూతకు సన్నటి జాలీ కొట్టాడు.

"మీ కళ్ళద్దాలకి గాలి కూడా కావాలా మామయ్యా?" అంది గ్రేస్.

మత్తయ్య మూత తీసి, వేసి, చప్పుడు లేకుండా పడుతోందో లేదో చూసుకున్నాడు. పెట్టెను ఆమె వైపు జరిపాడు.

"ఉండనీ. ఈసారి తెచ్చేముందు కాళ్ళు లెక్కవెట్టి తే" అన్నాడు.