ఖాళీగా తిరిగే మోటారు

డాన్సు హాలు యజమాని పాటను తిప్పి పంపడం అది రెండోసారి. "పాట బాగుంది, బేసే లేదు. అయిదింటికల్లా సరిచేసి పంపితే శనివారం వేస్తాం. లేదంటే నీకో దండం తల్లీ," అని ఫోన్లోనే తేల్చేశాడు.

ఇంట్లోనే కంప్యూటర్ మీద పాటలు కట్టే కోడలికి ఒళ్ళు మండిపోయింది. బేసు లేకపోవడమేమిటి? వారం రోజులు తిండీ తిప్పలూ మానేసి చేసింది ఆ బేసే కదా!

బేసంటే పాట అడుగున మోగే లోతైన మోత. అది చెయ్యాలంటే సింథసైజర్లో ముందు ధ్వని అల ఆకారం ఎంచుకోవాలి. సైన్ అల నున్నగా ఉంటుంది. స్క్వేర్ డొల్లగా, ఖాళీ డబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టుంటుంది. ఇక సా అంటే రంపమే, పేరుకు తగ్గట్టే గరగరలాడుతుంది. ఆవిడ ఒక్కోదాన్నీ విడిగా, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నది. సైన్‌కు మనసిచ్చేసింది. వెన్నలా ఉంది మరి! ఇప్పుడా వెన్నే కొంప ముంచింది.

మధ్యాహ్నం రెండయింది. హెడ్‌ఫోన్లు పక్కన పడేసి స్పీకర్లు పెట్టింది. పెట్టీ పెట్టగానే పక్క గదిలోంచి, "ఏమిటమ్మా ఆ దడదడ!" అని మామగారి కేక.

ఆయన ముప్ఫయ్యయిదేళ్ళు నీటి పంపుల మెకానిక్కుగా చేసి, ఆ మోతలకే చెవులు అప్పగించిన మనిషి. దగ్గరికెళ్ళి అరిచి చెబితే తప్ప మాట వినపడదు. కుక్కర్ కూత పెట్టినా ఉలకడు పలకడు. ఈవిడ పాట పెడితే మాత్రం ఠక్కున వినపడుతుంది. "మీ నాన్నది అవసరానికొచ్చే చెముడు," అని మొగుణ్ణి ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. మూడేళ్ళలో ఒక్క పాట బాగుందన్న పాపాన పోలేదాయన. ఆ ఒక్క మాట కోసం ఆవిడ కాచుక్కూచుందన్నది నిజం. పైకి చెబితే చిన్నతనం.

మామగారు వచ్చి గుమ్మానికి చెయ్యానించి నిలబడ్డాడు. ఆవిడ ఉక్రోషంగా మూడు అలలూ వరసగా వినిపించింది.

"మొదటిది నూనె వేసిన బేరింగు. రెండోది డొల్ల. మూడోదాని పళ్ళు కొరుకుతున్నాయి," అన్నాడాయన తాపీగా.

ఉన్నదున్నట్టు చెప్పేశాడే! ఆవిడ దగ్గరికెళ్ళి, "ఏది బాగుంది మామయ్యా?" అని గట్టిగా అడిగింది.

"అట్లా ఎవడు చెబుతాడు? ఖాళీగా తిప్పితే ప్రతి మోటారూ బాగానే పాడుతుంది. నీళ్ళెత్తమను, అప్పుడు తెలుస్తుంది దాని బతుకు. బరువు పెట్టి చూడు."

బరువు! ఆవిడ నెత్తి కొట్టుకుంది. పాటలో బేసు ఒంటరిగా ఉండదు. దాని పక్కనే డ్రమ్ము దెబ్బ మీద దెబ్బ వేస్తుంటుంది. డ్రమ్ము కలిపి చూస్తే సైన్ జాడ లేకుండా పోయింది. స్క్వేర్ మూలిగింది. విడిగా వింటే చెవులు కోసిన సా మాత్రం, డ్రమ్ము ఎంత మోదినా నిలబడింది. ఫిల్టరుతో దాని పళ్ళు కాస్త అరగదీసి, అయిదుకు పావుగంట ముందు పంపేసింది.

అయిదూ పదికి జవాబొచ్చింది: "ఇదమ్మా బేసంటే! శనివారం ఖాయం."

పరిగెత్తుకెళ్ళి మామగారి చెవి దగ్గర అరిచి చెప్పింది.

"బరువు పెట్టి చూశాక ఎందుకు బాగుండదు?" అన్నాడు. తర్వాత కాస్త తటపటాయించాడు. "అమ్మాయ్, ఆ దడదడతో పాటు ఇంకేమన్నా ఉంటుందా?"

"అంటే?"

"నాకు అదొక్కటే అందుతుంది. రోజూ అదేనా, విసుగైనా పుట్టదా నీకు అనుకుంటాను."

ఆవిడకి అప్పుడు వెలిగింది. ఈయన మూడేళ్ళుగా ఒక్క పాటా వినలేదు. విననిదాన్ని బాగుందని ఎలా అంటాడు?

"పాట ఉంటుంది మామయ్యా. ఒకమ్మాయి పాడుతుంది."

"అట్లాగా! ఏమని?"

ఆవిడ కాగితం మీద పాట మొత్తం ఇంతింత అక్షరాలతో రాసింది. స్పీకరు పక్కన కుర్చీ వేసి ఆయన్ని కూచోబెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, అరచెయ్యి స్పీకరు మీద ఆనించాడు. ఆ అమ్మాయి ఏ మాట పాడుతుంటే ఆ మాట కింద ఆవిడ కలం జరుపుతూ పోయింది.

రెండో చరణం దగ్గర ఆయన చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బాగుందే! ఉండు, మొదట్నుంచీ పెట్టు," అన్నాడు.