గుర్వయ్య గొర్రెల రంగు

సర్కారు సంగతులు నాకు తెలిసినంతగా కొత్తకోట చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియవు. నాలుగో తరగతితో బడి మానినా, కలెక్టర్లే వచ్చి నన్ను అడిగి తెలుసుకునేవారు.

మా గుర్వయ్యకు సర్కారు పథకంలో గొర్రెలు వచ్చాయి. మందలు కలిసిపోకుండా కాపరులు గొర్రెల వీపు మీద తలా ఒక రంగు పూస్తారు. గుర్వయ్య కృతజ్ఞతగా ఏలే పార్టీ రంగే పూశాడు. ఎన్నికల్లో ఆ పార్టీ ఓడింది. ఆ వారమే మందకు గాలికుంటు రోగం సోకింది.

"మామా, గీ రంగు జూస్తే దవాఖానల మందిస్తరా?" అని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఎట్లిస్తరు అల్లుడా? సర్కారు మారింది. ముందుగాల రంగు కడుగు."

మూడు రోజులు రుద్దినా రంగు పోలేదు.

"మీ మామ మాటలు వాగుల వెయ్యి!" అని అతని భార్య గుర్వమ్మ వెళ్లి పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. అప్పటికే గుర్వయ్య గొర్రెలకు గొంగళ్లు కప్పి రంగు దాచాడు.

సంగతి విని డాక్టరమ్మ సూది పైకెత్తింది. "ఇది ఏ పార్టీదో జెప్పు జర? నేను అప్పుడూ ఈడనే ఉన్న, ఇప్పుడూ ఈడనే ఉన్న. మూడు దినాలు ఎందుకు ఆగినవ్?"

గుర్వయ్య నా వైపు చూశాడు. నేను మబ్బుల వైపు చూశాను. కలెక్టర్లు నన్ను ఏనాడూ ఏమీ అడగలేదు లెండి.

అయినా గుర్వయ్యది ఉత్త భయమనలేను. గొర్రెల పట్టీలో పేరెక్కాలంటే పార్టీ కండువా కప్పుకొమ్మని ఆనాడు ఊరి లీడరే చెప్పాడు. గొర్రెలకు అడ్డొచ్చిన పార్టీ మందుకు అడ్డురాదని గుర్వయ్యకు ఎవరు చెప్పారు?

సూదులు పడ్డాక గొర్రెలన్నీ లేచి మేతకు పోయాయి.

ఈ 'అన్నీ' అన్నదొక్కటి నేను కల్పించాను. ఒక గొర్రెపిల్ల లేవలేదు.